చనిపోయిన ఫిదెన్సియోకి వచ్చిన సమన్లు

కోర్టు అమీనా మోటారు సైకిల్ బరఓనా ఊరి రేవు వీధిలోకి తిరిగిందంటే చాలు, ఆ వీధిలో ఒక్క మనిషి ఉండడు. ఉన్నా ఉండడు. ఎవరి పేరు అడిగినా "ఊళ్ళో లేడండీ" అనే జవాబే. ఇది ఎవరూ నేర్పరు, ఆ గాలికే వచ్చేస్తుంది.

ఆ రోజు అమీనా పెగేరో అడిగింది సెలూన్ నడిపే ఫిదెన్సియోని. పక్కింటి ఎర్సిలియా అరటికాయలు ఉడకబెడుతూ తలెత్తి చూసింది. అమీనా చేతిలో కవరు మీద స్పెయిన్ దేశపు ముద్ర ఉంది. సముద్రం దాటి వచ్చిన గండానికి "ఊళ్ళో లేడు" ఏం సరిపోతుంది?

"పోయాడు బాబూ," అంది గరిటె గుండెకి ఆనించుకుని.

"ఎక్కడికి?"

"ఎక్కడికేంటి, అందరం పోయే చోటికే."

కొట్టు అరుగు మీద డామినో ఆడుతున్నవాళ్ళు వెంటనే టోపీలు తీసేశారు. వాళ్ళలో బుర్రమీసాల తోన్యో, శవాన్ని తీసుకెళ్తుంటే జోరున వాన పడిందని కూడా చెప్పాడు. ఆ వాన కాస్త ఎక్కువైందని ఎర్సిలియాకి అనిపించింది గానీ, చెప్పిన తీరు బాగుంది. పెగేరో నిట్టూర్చి, "ప్రతివాది మరణించాడు" అని రాసుకుని వెళ్ళిపోయాడు.

కాసేపటికి ఫిదెన్సియో చేపలు పట్టుకుని ఒడ్డు నుంచి వచ్చాడు.

"అన్నయ్యా, నిన్ను చంపేశాను," అంది ఎర్సిలియా గొప్పగా. "స్పెయిన్ నుంచి ఏదో కాగితం తెచ్చాడు అమీనా. ఇంక ఈ జన్మలో రాడు."

చేపలు కింద పడ్డాయి. ఫిదెన్సియో గడప మీద కూలబడ్డాడు.

"నా కొంప ముంచావే చెల్లీ. ఆ కాగితం కోసమే కదా నేను ఎదురుచూస్తోంది."

బిల్బావోలో అతనికి కూతురుంది. పేరు నెరేయా. తల్లి కడుపుతో ఉన్న సంగతి చెప్పకుండానే స్పెయిన్ వెళ్ళిపోయింది. పుట్టిన కాగితంలో తండ్రి పేరు ఉండాల్సిన చోట ఖాళీ. తల్లి పోయాక ఆ పిల్లే వెతుక్కుని ఫోన్ చేసింది. తను ఫలానావాడి కూతురినని తేల్చమని అక్కడి కోర్టులో దావా వేసింది. ఫోన్లో ఎన్నిసార్లు ఒప్పుకున్నా చెల్లదు. సమన్లు ఆ కోర్టు నుంచి అక్కడి మంత్రిత్వ శాఖకి, అక్కడి నుంచి ఇక్కడి శాఖకి, ఆపైన బరఓనా కోర్టుకి, అమీనాకి, చివరికి అతని చేతికి రావాలి. దానికి ఇదొక్కటే దారి.

"నాకెందుకు చెప్పలేదు?"

"దిష్టి తగుల్తుందని. ఇప్పటికీ నన్ను ఫిదెన్సియో గారూ అనే పిలుస్తుంది. ఫోన్లో ఎవరైనా నాన్ననంటారు, కోర్టు అడిగిన రోజు తప్పించుకోకపోతే అప్పుడు నాన్నా అని పిలుస్తానంది." అతను ముఖం తుడుచుకున్నాడు. "ఇప్పుడు కోర్టు అడిగింది. నేను చచ్చిపోయానని జవాబెళ్ళింది."

ఎర్సిలియా పొయ్యి ఆర్పకుండానే అతని రెక్క పట్టుకుని లాగింది. తోన్యో బండి తీశాడు. ముగ్గురూ ఒకే బండి మీద ఇరుక్కుని వెళ్ళి, కోర్టు మెట్ల దగ్గర పెగేరోని పట్టుకున్నారు.

"పొద్దున చచ్చాడన్నారు," అన్నాడు పెగేరో. "ఇప్పుడు ఎవరినో తెచ్చి వీడే అంటున్నారు. ఏది నమ్మమంటారు?"

"రెండోది," అన్నాడు తోన్యో.

"వాన కూడా పడిందన్నావు."

"పడిందండీ. అది వేరే వాళ్ళకి."

ఫిదెన్సియో గుర్తింపు కార్డు తీసిచ్చాడు. పెగేరో కార్డునీ మనిషినీ చాలాసేపు చూశాడు.

"నా సర్వీసులో వెంటపడి సమన్లు ఇమ్మన్నవాడిని చూళ్ళేదు," అన్నాడు చివరికి. "కార్డు లేకపోయినా నమ్మేవాణ్ణి. నీ అదృష్టం, ఇంకా ముద్ర వెయ్యలేదు."

రాసింది కొట్టేసి, కవరు విప్పి చదవడం మొదలుపెట్టాడు. "ప్రతివాది, వాదికి తండ్రి అని ప్రకటించవలసిందిగా కోరడమైనది. అభ్యంతరం ఉన్నచో..."

"లేదు."

"పూర్తిగా విను."

"వింటాను గానీ, ఆ మొదటి ముక్క ఇంకోసారి చదువు బాబూ."

పెగేరో చదివాడు. ఈసారి నిదానంగా, చర్చిలో చదివినట్టు చదివాడు. ఎర్సిలియా ఆనందం పట్టలేక తోన్యో వీపు మీద ఒక్కటి చరిచింది.

సంతకం పెట్టగానే ఫిదెన్సియో అక్కడే ఎండలో నిలబడి ఫోన్ కలిపాడు. ఎర్సిలియా సిగ్గు లేకుండా ఫోన్ దగ్గర చెవి పెట్టింది.

"అందిందమ్మా. సంతకం పెట్టేశాను."

అటువైపు నుంచి చిన్న గొంతు వినిపించింది.

"ఏడుస్తున్నావా నాన్నా?"

"లేదమ్మా," అన్నాడు ఫిదెన్సియో. "ఇక్కడ వాన పడుతోంది."

తోన్యో వెంటనే టోపీ తీసి, నిజమేనన్నట్టు తలూపాడు.