ఎలీసమ్మ అడగాలనుకున్న మాట

రాజోలు దగ్గర ఆ చర్చిలో ఒక పద్ధతుంది. మస్కట్టో కువైట్టో వెళ్లేవాళ్లుంటే, ఆదివారం ఆరాధనయ్యేక వాళ్ల పాస్‌పోర్టులు ముందున్న బల్లమీద పరిచి ప్రార్థన చేస్తారు. ఆ వారం క్రిస్టీనా టీచరు గారబ్బాయి అభిషేక్ సెలవుకొచ్చి దొరికిపోయేడు. విమానం నడిపే కుర్రాడు మన సంఘంలోనే ఉండగా భయమెందుకని, పాస్టరు గారు అతన్ని కుర్చీలో కూర్చోబెట్టేసి "ఏం కావాలో అడగండర్రా" అన్నారు.

ఎలీసమ్మ వెనక వరసలో గోడవారగా కూర్చుంది. ఆవిడెక్కడికీ వెళ్లట్లేదు. ఒక్క మాట అడగాలి, అందుకొచ్చింది. ఆవిడ పెనిమిటి నిరుడు మస్కట్టు నుంచి పెట్టెలో వచ్చేడు. అంతకుముందు ఎప్పుడొచ్చినా సీట్లో కూర్చునే వచ్చేవాడు, పైగా విమానంలో ఇచ్చిన దుప్పటి చొక్కాలో దోపుకుని మరీ దిగేవాడు. మహానుభావుడికి చలంటే అంత భయం. నాలుగు చినుకులు పడితే మంకీక్యాపు తగిలించేసేవాడు. అలాంటి మనిషికి ఆఖరిసారి కింద, సామాన్ల మధ్య, చలేసిందా? ఆయన ఉన్నాడని పైనున్నవాళ్లలో ఒక్కరికైనా తెలుసా? ఇదీ ఆవిడ బెంగ. ఎవర్నడుగుతుంది, బస్సు కండక్టర్నా?

ఈలోగా ముందు వరసలు మొదలెట్టేసేయి.

"విమానానికి హారనుంటదా బాబూ?" అన్నాడు కొండబాబు.

"ఉందండి. నేలమీదున్నప్పుడు మెకానిక్కుని పిలవడానికి. పైన ఎవర్ని తప్పుకోమంటామండి?"

"నడిపే ఇద్దరూ ఒకే కూర తింటారా?"

"లేదండి, చెరో రకం. ఒకరికి కడుపు తేడా చేస్తే రెండోవారు నడపాలిగా."

"మరి రొయ్యలెవరికి?"

"పెద్దాయనకండి, కెప్టెను గారికి. నాకెప్పుడూ పప్పే."

అందరూ పగలబడి నవ్వేరు. గురువారం మొదటిసారి కువైట్టు వెళ్తున్న శారోన్ లేచింది. "ఊగితే పడిపోద్దా అన్నయ్యా?"

"మన రోడ్డుమీద ఆటో ఊగినంత ఊగదమ్మా. ఆటో పడుతుందా?"

"పడిందన్నయ్యా, మొన్ననే."

మళ్లీ నవ్వులు. అప్పటిదాకా గోళ్లు కొరుక్కుంటున్న పిల్ల కూడా నవ్వేసింది.

సగం లేపిన చెయ్యి ఎలీసమ్మ దించేసుకుంది. ఇప్పుడు పెట్టె సంగతెత్తితే ఆ పిల్ల విమానమెక్కుతుందా?

ప్రార్థనయ్యి అందరూ టీ దగ్గర మూగేరు. అభిషేక్ చేతులు కడుక్కోడానికి బోరింగు దగ్గరికెళ్తే, ఎలీసమ్మ వెళ్లి పంపు కొట్టింది.

"బాబూ, కింద పెట్టెలో మనిషొస్తుంటే మీకు తెలుస్తదా?"

అతను చేతులలాగే చాపుకుని ఉండిపోయేడు. "తెలుస్తుందండి ఆంటీ గారూ. బయల్దేరేముందు మాకు చెప్తారు."

"చలేస్తదా?"

వెయ్యదని చెప్పెయ్యమన్నట్టే చూస్తోంది ఆవిడ. అతను చేతులు వెనక్కి తీసుకున్నాడు. "కాస్త చల్లగానే ఉంటుందండి. తలుపేసేక చీకటి. గాలి మాత్రం మా దగ్గరున్నట్టే ఉంటుంది."

"ఆయ్," అంది. "పేరు చెప్తారా మరి?"

"లేదండి. ఒకరున్నారని చెప్తారు, అంతే."

"ప్రభాకరరావు, బాబూ. మస్కట్టు నుంచి హైదరాబాదు. అది నడిపింది నువ్వు కాదుగా?"

"కాదండి. నేనటువైపు వెళ్లను."

"నువ్వైతే బాగుండును. మనవాడివి."

"ప్రభాకరరావు గారు," అన్నాడు మెల్లగా. ఆవిడ తలూపి, పంపు ఇంకో రెండుసార్లు ఊరికే కొట్టింది.

టీ దగ్గరికి రాగానే శారోన్ పట్టుకుంది. "ఏంటి పిన్నీ, పైలట్టు గారితో అంత రహస్యం?"

"పెళ్లి సంబంధాలేమన్నా చూస్తున్నారా అనడిగేనే. నీకోసం."

అందరూ నవ్వేరు. శారోన్ సిగ్గుపడి టీ గ్లాసు ఆవిడ చేతిలో పెట్టింది. ఎలీసమ్మ కూడా నవ్వుతూనే అది పుచ్చుకుని, ఎండ పడుతున్న మెట్టొకటి చూసుకుని ఒక్కత్తీ కూర్చుంది.