విగ్గులాయన పేజీ

విగ్గులాయన పనిమంతుడు. సన్నటి వలగుడ్డ మీద ఒక్కో వెంట్రుకనీ కొక్కెం సూదితో ముడివేసి, నుదుటి దగ్గర నిజంగా మొలిచినట్టే కూర్చేవాడు. ఆ పనిలో ఒక తిరకాసు ఉంది. ఎంత బాగా చేస్తే అంత ఎవరి కంటా పడదు. పెట్టుకున్నవాళ్ళు చచ్చినా బయటికి చెప్పరు. తమ గుట్టు ఆయన కడుపులోనే ఉంటుందన్న నమ్మకంతోనే వస్తారు. అంచేత ఇరవై రెండేళ్ళుగా ఆయన్ని ఎవరూ నలుగురిలో మెచ్చుకున్న పాపాన పోలేదు. ఆ సంగతి పైకి అనేవాడు కాదు గానీ, లోపల కొరుకుతూనే ఉండేది.

ఈమధ్య పక్క వీధిలో మిషను మీద కుట్టిన విగ్గులు అమ్మే షాపు వెలిసింది. వాళ్ళకి ఫోన్లో పేజీ ఉంది, వేలమంది చూస్తున్నారు.

"మనకీ ఒకటి పెడతా నాన్నా. ఇలా మూల కూర్చుంటే మనమున్నామని ఎవరికి తెలుస్తుంది?" అంది కూతురు.

పెట్టడం కూడా ఆషామాషీగా పెట్టలేదు. షాపు వేళలు, వచ్చే దారి, ఎవరైనా మెసేజ్ పెడితే ఇవ్వాల్సిన జవాబులు అన్నీ ఓపిగ్గా అమర్చింది. ఇక ఫోటోలే మిగిలాయి.

వాటికి కొదవ లేదు. కొలతలప్పుడు విగ్గు లేకుండా ఒకటి, అమర్చాక ఒకటి తీసి దాచుకోవడం ఆయన అలవాటు. కొన్నాళ్ళకి కొత్తది చేసేటప్పుడు పోల్చి చూసుకుంటాడు. కూతురు ఒక్కోటే చూపిస్తుంటే ఒకచోట ఆయన సూది ఆగింది.

"ఇది పెట్టు. అన్నిటికంటే ముందు ఇదే పెట్టు."

"ఆవిడ ఏమీ అనుకోరా?"

"అనుకోడానికేముందమ్మా? ఆ నుదురు చూడు. జుట్టు ఎక్కడ మొదలైందో చేసిన నాకే తెలీట్లేదు!"

నిజంగానే ఆయన నుదురొక్కటే చూశాడు. దాని కింద ఒక మొహం ఉందని, అది బ్యాంకు క్యాషియరమ్మదని, ఊరంతా రోజూ ఆ మొహం ముందే వరసకడుతుందని ఆయనకి తట్టనే లేదు. ఆవిడకి జుట్టు లేదని భర్తకి తప్ప ఇంట్లో మరొకరికి తెలియదు. ఏళ్ళ తరబడి మనుషుల్ని కనుబొమల పైనే చూసిన కళ్ళు మరి. ఏం చూపో, తగలెయ్య!

రెండు రోజుల్లో ఆ ఫోటో ఊరంతా చుట్టేసింది. "అద్భుతం" అన్నారొకరు. "ఆ చేతులకి దణ్ణం పెట్టాలి" అన్నారింకొకరు. ఆయన కూతురి చేత ఒక్కొక్కటీ రెండేసిసార్లు చదివించుకున్నాడు. ఆ రెండు రోజులూ ఆయన నేల మీద నడవలేదు.

మూడో రోజు మధ్యాహ్నం క్యాషియరమ్మ వచ్చింది. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు.

"ఆ ఫోటో తీసేయండి," అంది.

కూతురు నిలబడ్డపాటునే తీసేసింది. విగ్గులాయనకి అప్పుడు గానీ తాను చేసిందేమిటో తలకెక్కలేదు.

"తప్పయిపోయిందమ్మా. ఎవరైనా ఏమైనా అన్నారా?"

"ఎవరూ ఏమీ అనలేదండీ. బ్యాంకులో అందరూ చాలా బాగుందన్నారు. మా అత్తగారు దగ్గర కూర్చోబెట్టుకుని, తాకి చూసి, ఎంత పనితనమో అన్నారు." ఆవిడ పాపిడి సవరించుకోబోయి చెయ్యి దించేసుకుంది. "తొమ్మిదేళ్ళుగా ఆవిడ నా జుట్టు మెచ్చుకునేవారు. నిన్న మీ పని మెచ్చుకున్నారు."

"కొత్తది చేసిస్తానమ్మా, పాపిడి మార్చి. ఎవరికీ..." అని ఆగిపోయాడు. ఎవరికీ తెలియదని ఏ మొహం పెట్టుకుని అంటాడు?

ఆవిడ మెట్లు దిగి వెళ్ళిపోయింది.

"పేజీ మొత్తం మూసేయనా నాన్నా?" అంది కూతురు.

ఆయనకి సిగ్గుతో ఒళ్ళు చచ్చిపోతోంది. అంత సిగ్గులోనూ, ఆ అత్తగారు అన్న మాట చెవిలో తియ్యగానే ఉంది. మరొక్కసారి వినాలనిపించింది. ఛీ, ఏం బతుకు అనుకున్నాడు. అనుకున్నాక కూడా మూసేయమని మాత్రం అనలేకపోయాడు.