ఎడమ భుజం బోల్టు

పళ్ళ డాక్టరు జన్మలో ఒక్కసారైనా సైకిలు ఎడమ పెడలు విప్పి ఉంటే, నా బొమ్మ మీద ఎర్ర సున్నాలు చుట్టి ఉండేవాడు కాదు. విప్పలేదు. అయినా బోల్టు మరల గురించి నాకు పాఠం చెప్పాడు. నాకు!

నేను టర్నర్‌ని. నీళ్ళ పంపులకు షాఫ్టులు కోసే వర్క్‌షాపులో ఇరవై రెండేళ్ళుగా లేత్ ముందు నిలబడుతున్నాను. మధ్యాహ్నం భోజనానికి అరగంట ఇస్తారు. పది నిమిషాల్లో డబ్బా ఖాళీ చేసి, మిగిలిన ఇరవై నిమిషాలూ బొమ్మలు గీస్తాను. పూలూ పక్షులూ కాదు. పదంతస్తుల మేడంతేసి రోబోలు, ఒకదాన్నొకటి చితక్కొట్టుకునేవి. నలభై ఆరేళ్ళ మనిషికి ఇదేం పిచ్చి అనుకుంటే అనుకోండి, నాకేం పోయింది.

నాలాంటి పిచ్చివాళ్ళం ముప్పై ఏడుమందిమి ఫోన్లో ఒక గుంపుగా ఉన్నాం. పెన్సిలుతోనే గీయాలి, రంగు వేయకూడదు. ఈ ఆదివారం ఒకరు తమ రోబోని గీసి పెడితే, వచ్చే ఆదివారానికి ఇంకొకరు తమ రోబో దాన్ని కొట్టినట్టు గీసి జవాబివ్వాలి. చెయ్యి ఊడితే ఊడినట్టే. బాగుచేసినట్టు మళ్ళీ బొమ్మ గీసేదాకా ఒంటిచేత్తో తన్నులు తినాల్సిందే. మాలో గొప్పగా గీసేవాళ్ళెవరూ లేరు. ఒకరి రోబోకి మోకాళ్ళు వెనక్కి వంగుతాయి. ఇంకొకాయనకి పాదాలు గీయడం రాదు, అందుకని ఆయన రోబో ఎప్పుడూ పొగలోనే నిలబడుతుంది. ఒకరినొకరం వెక్కిరించుకోం.

గుంపుకి పెద్ద డ్రిల్లు మాస్టారు. బళ్ళో పిల్లలచేత కసరత్తు చేయించే మనిషి, గుంపునీ అలాగే నడుపుతాడు. ప్రతిదానికీ ఒక రూలు, ప్రతి రూలుకీ ఒక నంబరు. అక్కడ నా పేరు లేతమ్మ. లేత్ మీద పనిచేస్తానని మాస్టారే పెట్టాడు. నేనేమంత లేతగా ఉండను, ఆ సంగతి వాళ్ళెవరికీ తెలియదు.

నా రోబో పేరు గూనోడు. గేరుబాక్సు వీపులో పెట్టాల్సి వచ్చింది, అందుకే ఆ గూని. నా బొమ్మల్లో వంకర్లు ఉండొచ్చు కానీ నేను గీసింది రేపు ఎవరైనా ఇనుముతో చేస్తే కదులుతుంది. ఏ బేరింగు ఎక్కడ కూర్చోవాలో, ఏ కీలుకి ఎంత బరువో ఆలోచించకుండా గీత గీయను. నాకున్న గొప్పల్లా అదొక్కటే.

కాగితాలకు వెతుక్కోను. పని వివరాలు రాసే జాబ్ కార్డుల వెనకే గీస్తాను. సాయంత్రం ఆ కార్డులు ఆఫీసులో ఇచ్చెయ్యాలి, వారాంతానికి వాటిని ముక్కలు చేసి పారేస్తారు. ఎప్పుడూ బాధపడలేదు. ఎందుకంటే ఫొటో తీసి గుంపు ఆల్బంలో పెట్టేస్తాను కదా. నా ఫోనులో జాగా లేదు, పంపగానే ఫొటో చెరిపేస్తాను. ఒకరి బొమ్మ ఇంకొకరు దాచుకోకూడదని రూలు. కాబట్టి నా ఆరేళ్ళ బొమ్మలూ, రెండొందల పదకొండు, ఆ ఆల్బంలోనే ఉన్నాయి. ఇంకెక్కడా లేవు.

శుక్రవారం మధ్యాహ్నం డబ్బా మూత తీస్తూ ఫోను చూశాను. గూనోడి రెండు భుజాల చుట్టూ ఎర్ర సున్నాలు. కింద మా గుంపులోని పళ్ళ డాక్టరు రాశాడు: "కుడి భుజం బోల్టు మరలు ఒక వైపుకి పోతున్నాయి, ఎడమ భుజం బోల్టు మరలు రెండో వైపుకి. మనిషి గీస్తే ఈ తప్పు రాదు. ఇది కంప్యూటరు చేత గీయించిన బొమ్మ. లేతమ్మ మనందర్నీ వెర్రివాళ్ళని చేస్తోంది." కాగితం మీది నూనె మరకలు కూడా కంప్యూటరు వేసినవేనట. పద్నాలుగుమంది బొటనవేళ్ళు పైకెత్తారు.

దాని కింద డ్రిల్లు మాస్టారు: "ఆరోపణ తీవ్రమైనది. రేపు ఉదయం ఏడింటిలోగా లేతమ్మ సమాధానం చెప్పాలి. దొంగ బొమ్మ అని తేలితే, రూలు తొమ్మిది ప్రకారం ఆమెని గుంపు నుంచీ, ఆమె బొమ్మలన్నిటినీ ఆల్బం నుంచీ తీసేస్తాను."

ఒళ్ళు భగ్గుమంది. ఎడమ పక్క తిరిగే దానికి ఎడమ మరే, అంటే ఎడమకి తిప్పితే బిగిసే మరే, వేస్తారు నాయనా! మామూలు మర వేస్తే తిరిగినకొద్దీ వదులై ఊడొస్తుంది. సైకిలు ఎడమ పెడలుకి అందుకే ఎడమ మర ఉంటుంది. పళ్ళ డాక్టరు చెప్పినట్టు గీస్తే మొదటి గుద్దుకే గూనోడి చెయ్యి ఊడి వీధిలో పడుతుంది. నేను తెలిసి, ఆలోచించి, అరిగిన పెన్సిలుని గరుకు కాగితం మీద పదును పెట్టుకుని మరీ గీసిన బోల్టు అది. రెండొందల పదకొండు బొమ్మల్లో అంత బాగా కుదిరిన బోల్టు ఇంకోటి లేదు. సరిగ్గా దాన్నే పట్టుకున్నారు.

జవాబు రాయబోతుంటే సైరను మోగింది. ఫోన్లు లాకర్లో పెట్టాలి. మధ్యాహ్నమంతా షాఫ్టులు కోస్తూ మనసులో జవాబు రాసుకున్నాను. ఆ ఊపులో షాఫ్టుకి తొడిగే బుష్షు ఒకటి వెంట్రుకవాసి ఎక్కువ కోసి పాడుచేశాను కూడా. ఫోర్‌మన్ చూసి దాన్ని తుక్కు డబ్బాలో వేసి వెళ్ళిపోయాడు. నా మొహం చూసి ఉంటాడు.

పని అయ్యాక పనిముట్లు నూరే గ్రైండరు దగ్గరికెళ్ళాను. దానికి రెండు పక్కలా రెండు చక్రాలు, ఎడమ చక్రానికి ఎడమ మర నట్టు. రెండు నట్లూ విప్పి పక్కపక్కన పెట్టి ఫొటో తీశాను. ఇంక ఎవడు నోరెత్తుతాడో చూద్దామనుకున్నాను.

ఇంటికొచ్చేసరికి ఆరున్నర. ఒంటినిండా ఇనుప రజను, ఫోనులో చార్జి లేదు. ఫోను తీగకి తగిలించి స్నానానికి వెళ్ళాను. పావుగంట. అంతకంటే ఒక్క నిమిషం ఎక్కువ కాదు.

తల తుడుచుకుంటూ బయటికొస్తే మా ఆయన నా ఫోను పట్టుకుని కూర్చున్నాడు, ఏదో పుణ్యకార్యం చేసిన మొహంతో.

"టింగు టింగుమని ఒకటే మోత. నిన్ను నానా మాటలూ అంటున్నారు. సర్దేశాలే" అన్నాడు.

మా ఆయన నీళ్ళ ఆఫీసులో ఫిర్యాదుల కౌంటరులో కూర్చుంటాడు. కుళాయి రాలేదని, పైపు పగిలిందని, బిల్లు తప్పొచ్చిందని పొద్దుటినుంచీ సాయంత్రందాకా జనం వచ్చి అరుస్తారు. ఆయన పని క్షమాపణ చెప్పడం. ఫిర్యాదు నిజమా కాదా అని చూడటం ఇంకో గదిలోవాళ్ళ పని. ముందు క్షమాపణ చెప్పు, మనిషి చల్లబడతాడు, తర్వాత సంగతి తర్వాత. పందొమ్మిదేళ్ళుగా అదే వరస. ఆఫీసులో ఆయనకి మంచి పేరు.

ఫోను లాక్కుని చూశాను. నా పేరుతో, నా ఫోను నుంచి: "జరిగిన పొరపాటుకు చింతిస్తున్నాం. మీకు కలిగిన అసౌకర్యానికి క్షమించగలరు. ఇకపై ఇలా జరగకుండా చూసుకుంటాం."

దాని కింద డ్రిల్లు మాస్టారు: "తప్పు ఒప్పుకున్నందుకు అభినందిస్తున్నాను. కానీ రూలు రూలే." ఆ కింద, నన్ను గుంపులోంచి తీసేసినట్టు ఒక చిన్న బూడిదరంగు గీత. ఇక నేనేం రాసినా అక్కడికి చేరదు.

"ఏం చేశావు?" అన్నాను. పెళ్ళయిన ఇరవై ఏళ్ళలో ఆయన్ని నువ్వు అనడం అదే మొదలు.

"అదేంటే, తిట్లు ఆగిపోయాయిగా?"

"నేను చేసిన తప్పేంటి?"

"తప్పు చేశావని నేనెక్కడన్నాను? క్షమించమన్నానంతే."

"తప్పు చేయకపోతే క్షమాపణ దేనికి?"

"మా కౌంటర్లో అయితే..."

"నేను నీ కౌంటరు కాదు!"

పక్కింటివాళ్ళ కిటికీ మూసుకున్న చప్పుడు వినిపించింది. మూసుకోనీ. మాస్టారుకి ఫోను చేశాను, ఎత్తలేదు. మళ్ళీ చేశాను. ఆరోసారికి ఫోను ఆపేసినట్టు వచ్చింది. పళ్ళ డాక్టరు నంబరు నా దగ్గర లేదు. ఉంటే ఆ రోజు అతని పళ్ళు అతనే లెక్కపెట్టుకోవాల్సి వచ్చేది.

మా ఆయన మంచినీళ్ళ గ్లాసు తెచ్చి బల్ల మీద పెట్టాడు. నాకు అప్పుడొచ్చిన అనుమానం అడగకూడనిది. అయినా అడిగాను.

"ఆ బొమ్మ నేనే గీశానని నీకు తెలుసు కదా?"

వెంటనే తెలుసు అనేసి ఉంటే సరిపోయేది. గ్లాసుని కొంచెం జరిపాడు.

"నువ్వు గీస్తుంటే నేనెప్పుడూ చూళ్ళేదు కదా... ఈ రోజుల్లో అందరూ అలాగే చేయిస్తున్నారంట. నువ్వు చేయించినా నాకేం తప్పనిపించలేదు."

చల్లగా, ఎంతో ప్రేమగా అన్నాడు. చెంప మీద కొట్టినా అంత నొప్పి ఉండేది కాదు. ఊళ్ళో పద్నాలుగుమంది నన్ను దొంగ అన్నారు, సరే, వాళ్ళకు నేనెవరో తెలియదు. ఈయన నన్ను దొంగ అనుకుని, పరవాలేదులే అని సర్దుకుపోయాడు. ఆ పూట నేను వంటింట్లోకి వెళ్ళలేదు. ఆయన అడగనూ లేదు.

శనివారం నాకు సెలవు. మొదటి బస్సు అందుకోవాలని ఆరింటికే ఆయన్ని లేపాను. "పద, నువ్వు రాసింది నువ్వే రాశావని నీ నోటితో చెప్పు" అన్నాను. రెండు బస్సులు మారి మాస్టారి బడికి చేరేసరికి ఏడూ ఇరవై. దారిపొడుగునా ఆయన రెండుసార్లు దగ్గి ఊరుకున్నాడు.

మైదానంలో పిల్లలు చేతులు చాపి వంగుతున్నారు. మాస్టారు నేను అనుకున్నదానికంటే పొట్టి, మెళ్ళో ఈల. నేను లేతమ్మని అని చెప్పి, ఊపిరి తీసుకోకుండా ఫోనులో గ్రైండరు నట్ల ఫొటో చూపించాను. ఆయన కాసేపు చూశాడు. తర్వాత గబగబా గోడ దగ్గరున్న తన సైకిలు దగ్గరికెళ్ళి, గొంతుకూర్చుని, ఎడమ పెడలు ఇరుసు చివరి మరలు వేళ్ళతో తడిమాడు. లేచినప్పుడు మొహం మాడిపోయి ఉంది.

"నిజమేనమ్మా. మరి మీరెందుకు క్షమాపణ చెప్పారు?"

నేను మా ఆయన వైపు చూశాను.

"అది నేను రాశానండీ. జరిగిన దానికి చింతిస్తు..."

"మళ్ళీనా!" అని అరిచాను. వంగిన పిల్లలు వంగినట్టే ఆగిపోయి మావైపు తలలు తిప్పారు.

"నేనే రాశాను. ఆవిడకి తెలియకుండా రాశాను" అన్నాడు మా ఆయన నేల చూస్తూ. "ఆవిడ తప్పేం లేదు."

మాస్టారు అప్పటికప్పుడు నన్ను గుంపులో చేర్చాడు. అందరికీ తెలిసేలా రాశాడు కూడా: లేతమ్మ నిర్దోషి, తొందరపడింది నేను, డాక్టరుగారు సైకిలు చూడాలి. నాకు ఆ మాత్రం చాలు. ఆల్బం తెరిచాను. నా పేరు పక్కన సున్నా.

"ఏడింటికి తీసేశానమ్మా" అన్నాడు మాస్టారు. ఆ గొంతుతో ఆయన పిల్లల్ని ఎప్పుడూ అదిలించి ఉండడు. "నిన్న మిమ్మల్నొక్కరినే తీశాను. గడువు ఏడింటిదాకా అన్నానుగా, బొమ్మలు సరిగ్గా ఏడింటికి. మళ్ళీ రావవి. మీ దగ్గర లేవా?"

ఇరవై నిమిషాలు. గూనోడు మొదటిసారి నిలబడ్డ బొమ్మ, మోకాలి కీలు కోసం నాలుగు వారాలు కుస్తీపట్టిన బొమ్మ, కుడి చెయ్యి పోయి ఏడాదిపాటు ఒంటిచేత్తో కొట్లాడిన బొమ్మలు. ఏ అసలు కాగితమూ మిగల్లేదు. అంతలో గుర్తొచ్చి ప్రాణం లేచొచ్చింది.

"ఉన్నాయి! ఈయన ఫోనులో ఉంటాయి. ప్రతి బొమ్మా ముందు ఈయనకే పంపేదాన్ని, గుంపులో పెట్టే ముందు. ప్రతిదానికీ బావుందని జవాబిచ్చేవాడు. ఏదీ, ఫోనివ్వు."

మా ఆయన ఫోను తియ్యలేదు. చెయ్యి జేబు మీద పెట్టుకుని నిలబడ్డాడు. నేనే జేబులో చెయ్యి పెట్టి తీశాను.

నేను పంపినవన్నీ ఉన్నాయి, తేదీలతో సహా. ఒక బూడిదరంగు చదరం, దాని మధ్య కిందికి బాణం గుర్తు, కింద "బావుంది". ఇంకో చదరం, ఇంకో "బావుంది". ఒక్కదాన్నీ తెరవలేదు. ఎప్పుడూ తెరవలేదు. పైకి జరిపినకొద్దీ ఏడాది వెనక ఏడాది, చదరాలూ "బావుంది"లూ. ఒకదాని మీద నొక్కాను. ఈ ఫొటో ఇక దొరకదు, పంపినవారిని మళ్ళీ పంపమని అడగండి అని వచ్చింది.

మాస్టారు చూసి మొహం తిప్పుకుని ఈల ఊదాడు. పిల్లలు నిటారుగా లేచారు.

"క్షమించు" అన్నాడు మా ఆయన.

"దేనికి?"

నోరు తెరిచాడు. పందొమ్మిదేళ్ళ కౌంటరు మనిషికి మొదటిసారి మాట దొరకలేదు.

"కూర్చో" అన్నాను, మెట్టు చూపించి. కూర్చున్నాడు. ఫోను ఆయన చేతిలో పెట్టాను. "మొదటి దాని దగ్గర్నుంచి మొదలుపెట్టు. ఒక్కొక్కటే నొక్కు."

"ఏమీ రావడం లేదే..."

"నొక్కు."

నొక్కాడు. ఈ ఫొటో ఇక దొరకదు. రెండోది నొక్కాడు. నేను ఎదురుగా నిలబడి ఆయన వేలినే చూస్తున్నాను. పదకొండో దాని దగ్గర ఆయన ఆగి, కళ్ళు తుడుచుకుని నా వైపు చూశాడు.

"ఇంకా రెండొందలున్నాయి" అన్నాను.