స్టాంపర్ వాకిట్లో బోర్డు

రోడ్డు వారన తన పేరుతో వెలుస్తున్న బోర్డులను చూడటం జడ్జి ఆరిన్ టాకెట్ మానేశాడు. జడ్జి పదవికి ఎనిమిదేళ్ళకోసారి జరిగే ఎన్నికల్లో మూడుసార్లు గెలిచాడు గానీ, ఎన్నడూ ఇన్ని బోర్డులు లేవు. తీగ కాళ్ళమీద పచ్చికలో నిలబడే నీలం బోర్డులు. తను పంచినవి ముప్పయ్యో నలభయ్యో. మిగతావి జనం అడిగి మరీ పట్టుకెళ్ళారు. చర్చి ముందు, టైర్ల కొట్టు ముందు, ఎప్పుడూ తనకు ఓటెయ్యనివాళ్ళ వాకిళ్ళలో కూడా లేచాయి.

ఎందుకో అతనికి తెలుసు. తెలిసే భయపడుతున్నాడు.

సెప్టెంబరులో ఒకనాడు హోటల్లో మొక్కజొన్న రొట్టె తింటూంటే లోవెల్ స్టాంపర్ వచ్చి ఎదురుగా నిలబడ్డాడు. బొగ్గు గనిలో పనిచేసి మోకాళ్ళు పాడుచేసుకున్న మనిషి. కిందటేడు అతని కూతురు టెస్సాని ఎవరో చంపి వాగులో పడేశారు. ఆ కేసు టాకెట్ కోర్టులోనే ఉంది.

"జడ్జిగారూ, మా వాకిట్లో మీ బోర్డు పాతాను. మీరు మా పిల్లకి అన్యాయం చెయ్యరు. అవునా?"

నడుస్తున్న కేసు గురించి జడ్జి బయట పెదవి విప్పకూడదు. టాకెట్ విప్పలేదు. కానీ ఒక తండ్రి టోపీ చేత్తో పట్టుకుని నిలబడితే రాయిలా కూర్చోలేక, ఇక వెళ్ళిరా అన్నట్టు తల ఊపాడు.

సాయంత్రానికల్లా ఊరంతా తెలిసిపోయింది. జడ్జి తలూపాడట.

ముద్దాయి జారెడ్ ఫ్యూగేట్ పదకొండు నెలలుగా జైల్లో ఉన్నాడు. నేరం ఒప్పుకుంటూ అతనిచ్చిన వాంగ్మూలం తప్ప వేరే సాక్ష్యం లేదు. ఆ వీడియో టాకెట్ రెండుసార్లు చూశాడు. లాయరు కావాలని ఫ్యూగేట్ మూడుసార్లు అడిగాడు. అడిగాక కూడా తొమ్మిది గంటలు ప్రశ్నించారు. అలాంటి వాంగ్మూలం చెల్లదు. అది పోతే కేసే నిలవదు. చంపింది అతనో కాదో టాకెట్‌కీ తెలియదు.

పోలింగుకి ముందురోజు, సోమవారం పొద్దున్నే, కోర్టు బంట్రోతు డెల్మర్ కాఫీ తెచ్చి బల్లమీద పెట్టాడు.

"ఆర్డరు రాసేశారా?"

"రాశాను."

"ఏంటని అడగన్లెండి. మీ మొహమే చెబుతోంది. బుధవారం చదవండి సార్. పదకొండు నెలలున్నోడు ఇంకో రెండ్రోజులుంటే అరిగిపోడు. రేపు గెలిచారంటే ఎనిమిదేళ్ళు మిమ్మల్ని కదిపేవాడుండడు."

"రేపు వీళ్ళు ఓటేసేది దేనికి, డెల్మర్?"

"మీకే."

"నాకు కాదు. నేనూపిన తలకి. నేనివ్వని మాటకి."

"ముందా తలకాయ మెడమీద ఉండాలిగా!" అన్నాడు డెల్మర్. నవ్వించాలనే అన్నాడు గానీ ఇద్దరూ నవ్వలేదు.

పది గంటలకి, వాంగ్మూలం చెల్లదంటూ టాకెట్ ఆర్డరు చదివాడు. ఎవరూ అరవలేదు. అరిచి ఉంటే బాగుండుననిపించింది. వెనక బెంచీలవాళ్ళు ఒక్కొక్కరే లేచి వెళ్ళిపోయారు. చప్పుడు కాకుండా తలుపు పట్టుకుని మరీ వెళ్ళారు. స్టాంపర్ ఒక్కడే మిగిలాడు. చాలాసేపటికి ఒళ్ళోని టోపీ తీసి అక్కడే నెత్తిన పెట్టుకున్నాడు. కోర్టు హాల్లో టోపీ కనిపిస్తే కసిరే డెల్మర్ ఆరోజు కిటికీ వైపు తిరిగి నిలబడ్డాడు.

నాలుగింటికి టాకెట్ ఇంటికి బయల్దేరాడు. దారి పొడుగునా ఒక్క బోర్డూ లేదు. పచ్చికలో రెండేసి చిల్లులు మాత్రం ఉన్నాయి.

ఇంటి మెట్లమీద పెర్ల్ తోకాడించింది. భార్య కుక్కపిల్లగా తెచ్చి పెంచిన వేటకుక్క. ఆమె పోయింది, ఇది ముసలిదైంది. దొంగొచ్చినా చెయ్యి నాకుతుంది. టాకెట్ దాని పక్కనే కూర్చున్నాడు.

కాసేపటికి గేటు దగ్గర స్టాంపర్ ట్రక్కు ఆగింది. అతను కుంటుకుంటూ దిగాడు. చేతిలో నీలం బోర్డు.

"మీరు తలూపారు," అన్నాడు.

కాయితాల మీద కేసు ఇంకా నడుస్తూనే ఉంది. టాకెట్ ఈసారి తల కూడా కదపలేదు. అంతకంటే కష్టమైన పని జన్మలో చెయ్యలేదు.

 స్టాంపర్ జేబురుమాలు తీసి, తీగ కాళ్ళకంటిన మట్టిని నెమ్మదిగా తుడిచాడు. బోర్డును గోడకి ఆనించి, వంగి పెర్ల్ చెవి నిమిరాడు.

"నేను గనక చేత్తో తెచ్చిచ్చాను. మిగతావాళ్ళ సంగతి చెప్పలేను. పొద్దుగూకేలోగా కుక్కని ఇంట్లో కట్టేసుకోండి."

ట్రక్కు వెళ్ళిపోయింది. టాకెట్ పెర్ల్ మెడపట్టీ పట్టుకుని లేచాడు. అది కదలనంది. వాగు వంతెన మీదుగా, ఏ తొందరా లేకుండా, ఒకదాని వెనక ఒకటి వస్తున్న ట్రక్కులను చూస్తూ అది తోకాడిస్తోంది.