గుగ్గిలం పూసిన గాయం

రాజమండ్రి దగ్గర గోదావరి మీద రైలు వంతెన కడుతున్న ఏడు, మా ఎర్రోడి కాల్లో జెల్లచేప ముల్లు దిగింది. ఎర్రోడంటే మా కుక్క. అమ్మ కలరాలో పోయాక, ఇంట్లో రోజంతా నేను మాట్లాడేది దాంతోనే. మా అయ్య గంగయ్య ధవళేశ్వరం కాలువ గట్టున పడవలు బాగుచేస్తాడు. పొద్దున్నే పోతే దీపాల వేళకి వస్తాడు. వచ్చినా "కూడెట్టు" అన్న మాట తప్ప ఇంకో మాట ఉండదు.

ముల్లు నేనే లాగేశాను. మర్నాటికి గాయం కారుతోంది. అయ్య చూశాడు. పడవ చెక్కల సందుల్లో కొబ్బరిపీచు కూరి, పైన నూనెలో కాచిన గుగ్గిలం పూస్తే లోపలికి చుక్క నీరు దిగదు. ఆ చేత్తోనే గాయంలో కాస్త పీచు కూరి, గోరువెచ్చటి గుగ్గిలం మెత్తాడు.

"నలభై ఏళ్ళయింది. నేను పూసింది ఎక్కడా కారలేదు," అన్నాడు.

అమ్మ పోయాక ఆయన నోట అంత మాట వినడం అదే. అందుకే వద్దనలేకపోయాను.

పక్కింటి మరిడమ్మత్త చూసి పకపకా నవ్వింది. "కుక్కకి గుగ్గిలమేంటే! ఇక ధాన్యం ఎక్కించి కాకినాడ పంపేయండి."

కారడం ఆగింది. మూడో నాటికి కాలు తొడ దాకా వాచింది. చెవులు ముట్టుకుంటే కాలిపోతున్నాయి. గంజి మూతి దగ్గర పెట్టినా నాలుక చాపలేదు. గుగ్గిలం అంచు నుంచి కుళ్ళు వాసన వస్తోంది.

"అయ్యా, అది ఊడదీద్దాం," అన్నాను, కూడు పెడుతూ.

"తీస్తే మళ్ళీ కారుద్ది."

"కారనీ. పడవలోకైతే నీళ్ళు రాకూడదు. దీని ఒంట్లో చీము బయటికి పోవాలి గదా."

"నా పనికి వంక పెట్టేదానివయ్యావే!" కంచం తోసేసి లేచిపోయాడు.

మర్నాడు ఆయన వెళ్ళేదాకా ఆగాను. మరిడమ్మత్త ఎర్రోడి మూతికి గుడ్డ కట్టి, తల ఒళ్ళో పట్టుకుంది. "నన్ను కరిచిందా, నీ పెళ్ళికి రాను," అంటూనే దాని మెడ నిమురుతోంది. గాయం చుట్టూ వేపాకు నీళ్ళతో తడిపి, కత్తి నిప్పుల మీద కాల్చి గుగ్గిలం ఎత్తాను. బొచ్చుతో సహా ఊడింది. పీచు లాగగానే దోసెడు చీము. ఎర్రోడు పెట్టిన మూలుగు వినలేక అత్త కళ్ళు మూసుకుంది.

సాయంత్రం అయ్య వాకిట్లో పడున్న ఆ గుగ్గిలం పెళ్ళ చూశాడు.

ఆరు రోజులు గాయం కట్టకుండా పూటపూటా కడిగాను. జ్వరం దిగింది. ఏడో నాడు లేచి నిలబడింది. ఆ సాయంత్రం అయ్యని చూసి తోక ఆడించబోయింది. ఆయన చెయ్యి చాపాడో లేదో, గుగ్గిలం వాసన తగిలి, కుంటుకుంటూ మంచం కిందికి దూరిపోయింది.

మర్నాడు ఆయన కాలవలో బూడిదతో, కుంకుడుకాయతో చేతులు తోముకుని వచ్చాడు. నలభై ఏళ్ళ గుగ్గిలం అంత తేలిగ్గా పోతుందా?

"ఎర్రోడా," అని పిలిచాడు. దాన్ని పేరు పెట్టి పిలవడం నేనెప్పుడూ వినలేదు. అది నా వెనక నక్కింది.

ఇప్పుడు కూటికి కూర్చునే ముందు, తన వంతు చేపతల తీసి ఆకులో అరుగు చివర పెడతాడు. ఇంటెదుటి కాలవ గట్టెక్కి, ఇంటికి వీపు పెట్టి నిలబడతాడు. ఎర్రోడు తిన్నాక నేను కేకేస్తాను. అప్పుడుగాని ఆయన దిగిరాడు.