సభ ఇంకా లేవలేదు

స్వపరిపాలన వచ్చిందన్నారు. వచ్చింది, ఎందుకు రాలేదూ! రాతిమెట్ల భవనం వచ్చింది, ఇరవై మెత్తటి కుర్చీలు వచ్చాయి, గుమ్మం మీద కొండవాళ్ల భాషలో బోర్డు కూడా వచ్చింది. తాళంచెవి మాత్రం రాజధాని పంపిన కమిషనర్ జేబులో ఉండిపోయింది. పేరు గొప్ప, ఊరు దిబ్బ.

ఆ పొద్దున సభకు బయల్దేరిన మంత్రసాని, ఊట మలుపు దగ్గర ఆగిపోయింది. క్వారీ కాంట్రాక్టరు యంత్రాలు అప్పుడే బండ తవ్వుతున్నాయి. మూడు ఊళ్లు తాగే నీళ్లు ఎర్రగా పారుతున్నాయి. క్వారీకి ఒప్పుకోవాలా వద్దా అని తేల్చాల్సిన సభ ఇంకా మొదలే కాలేదు. ఆలూ లేదు, చూలూ లేదు, పేరు మాత్రం పెట్టేశారు. ఆమెకు ఒళ్లు మండిపోయింది.

సభలో తీర్మానం చదివినవాడు ఆమె మేనల్లుడే. కౌన్సిల్ అధ్యక్షుడు. కమిషనర్ కుట్టించిన కోటు వేసుకుని గంగిరెద్దులా తలూపుతున్నాడు. సాయంత్రం ఐదులోగా సంతకం కాకపోతే గడువు దాటి క్వారీ ఒప్పందం రద్దయిపోతుందట. ఒప్పుకునేవాళ్లు చేతులెత్తండి అన్నాడు కమిషనర్, గడియారం చూసుకుంటూ.

కొండమీద చేతులు లెక్కపెట్టే అలవాటు లేదు. ఆఖరి మనిషి సరే అనేదాకా అందరూ కూర్చోవాలి, ఎన్ని రోజులైనా సరే. ఆ సంగతే చెప్పింది మంత్రసాని. తనకింకా సమ్మతం కాలేదంది. ఎత్తబోయిన చేతులు ఒక్కొక్కటే ఒళ్లోకి దిగిపోయాయి.

"అత్తా, మాట రాజధానివాళ్లది. సంతకం చేసే చెయ్యి ఒక్కటే నాది" అన్నాడు అల్లుడు, మెల్లగా.

"నీ బొడ్డు కోసింది నా చెయ్యిరా. నీకు మొదటి నీళ్లు పోసింది ఆ ఊటలోంచే."

అడవి మనుషులకు కుర్చీలిస్తే ఇంతేనని కమిషనర్ విసుక్కుని పోలీసుల్ని పిలిచాడు. మంత్రసానితో సహా పదహారుమంది సభ్యుల్ని ఈడ్చుకుపోయి లాకప్‌లో పడేశారు. ఇక సంతకం చెయ్యమని అల్లుడి ముందుకు కాగితం తోస్తే, మూలనున్న గుమాస్తా గొంతు సవరించుకున్నాడు. పదిహేనుమంది సభ్యులు సభలో లేకపోతే సంతకం చెల్లదట. ఆ చట్టం రాజధానివాళ్లు రాసిందే.

ఎంత తెలివి! మూడింటికల్లా కమిషనరే స్టేషన్‌కి పరుగెత్తాడు. లాకప్ తలుపులు బార్లా తెరిపించాడు, వెళ్లిపొమ్మన్నాడు. ఒక్కరూ కదల్లేదు.

"మనుషులు ఎక్కడ కూర్చుంటే సభ అక్కడే. మధ్యలో లేవడం మా ఇంటా వంటా లేదు" అంది మంత్రసాని.

అప్పటికే మూడు ఊళ్లూ కొండ దిగి స్టేషన్ ముందు రోడ్డంతా కూర్చున్నాయి. యంత్రాలు నడిపే కూలీలు కూడా తవ్వకం ఆపేసి వచ్చారు, వాళ్లు తాగేదీ ఆ నీళ్లే కాబట్టి. ఇందరిని ఈడ్చుకెళ్లడానికి ఎన్ని బండ్లు కావాలో పోలీసులకే తెలియలేదు.

నాలుగున్నరకి అల్లుడొచ్చాడు. కోటు విప్పి కమిషనర్ చేతిలో పెట్టి, లాకప్ గడప దగ్గర తలదించుకుని నిలబడ్డాడు. మంత్రసాని అతన్ని ఎగాదిగా చూసింది. ఆమెకు కోపం తగ్గలేదు. అయినా పక్కకు జరిగి చోటిచ్చింది.

స్టేషన్ గడియారం ఐదు కొట్టింది.

"ఇంకా ఎంతసేపు కూర్చుంటారు?" కమిషనర్ గొంతు ఎండిపోయింది.

"ఊట తేటబడేదాకా" అంది మంత్రసాని. "దాహమేస్తే చెప్పు, ఆ ఎర్రనీళ్లు తెప్పిస్తాం."