దించనన్న కండక్టరమ్మ

వరహాలుది విజయనగరం అవతల ఒక చిన్న పల్లె. పెళ్లయ్యాక సున్నిపెంటకు వచ్చింది. భర్త ఆర్టీసీలో డ్రైవరు. శ్రీశైలం ఘాట్‌లో లారీ గుద్దుకుని అతను పోయాక, ఆ ఉద్యోగానికి బదులుగా ఆమెను కండక్టరుగా తీసుకుని ఆళ్లగడ్డ డిపోలో వేశారు. పిల్లల్లేరు. ఆ ఊళ్లో ఎరిగినవాళ్లెవరూ లేరు.

ఆళ్లగడ్డలో ఆమెకు ముందుగా ఎదురైంది నవ్వు. "ఏటి, ఎక్కడికెల్తారు?" అని అడిగితే చాలు, బస్సులో వెనక సీట్ల దాకా "ఏటి, ఏటి" అని అందరూ అందుకునేవాళ్లు. అందులో చెడ్డేమీ లేదని ఆమెకూ తెలుసు. కానీ నాలుగు నెలలు గడిచేసరికి మాట తగ్గించేసింది. ఊరి పేరు వినడం, టికెట్ చింపి ఇవ్వడం, విజిల్ వేయడం. ఒక్కోరోజు ఇంటికి చేరాక చూసుకుంటే, ఊళ్ల పేర్లు తప్ప పొద్దుటినుంచీ ఇంకో మాట తన నోటినుంచి రాలేదని తెలిసేది.

రెండువేల ఒకటి వేసవిలో ఒక మిట్టమధ్యాహ్నం, అహోబిలం నుంచి బస్సు తిరిగి వస్తోంది. రోడ్డు పక్కన విత్తనాల గోడౌను దాటుతుండగా ఒక పిల్ల పడుతూ లేస్తూ బస్సుకు అడ్డంగా పరుగెత్తుకొచ్చింది. కాళ్లకు చెప్పుల్లేవు. జాకెట్టు భుజం దగ్గర చినిగి వేలాడుతోంది. డ్రైవరు పుల్లయ్య బ్రేకు తొక్కాడు. వరహాలు తలుపు తీసి, చెయ్యిచ్చి లాగి, ఆ పిల్లను లోపలికి తెచ్చుకుంది.

తలుపు వేసేలోపే ఒక కుర్రాడు వచ్చి మెట్టు మీద కాలు పెట్టాడు. ఖరీదైన చొక్కా. గుండీలు ఒక కాజాకు బదులు ఇంకో కాజాలో పెట్టుకున్నాడు. మెడ మీద గోళ్ల గీతలు, ఇంకా నెత్తురు చెమ్మతో ఉన్నాయి.

"ఆ పిల్లను దించు మా. మా గోడౌన్లో దొంగతనం చేసింది. మేం చూసుకుంటాం."

పిల్ల వరహాలు నడుముకున్న సంచీ పట్టీని రెండు చేతులా పట్టుకుంది.

"దొంగతనం సేస్తే పోలీసులు సూసుకుంటారు. బస్సెక్కినోలిని నాను దించను."

"నేనెవరో తెలుసునా నీకు?"

"తెల్దు," అంది వరహాలు.

నిజంగానే తెలియదు. బస్సులో తక్కిన అందరికీ తెలుసు. అందుకే అందరూ కిటికీల్లోంచి బయటికి చూస్తూ కూర్చున్నారు. ఆమె తలుపు మూసి విజిల్ వేసింది.

కొంతదూరం పోయాక పుల్లయ్య తల తిప్పకుండానే అన్నాడు. "చెల్లెమ్మా, ఆ పిల్లోడు శరత్. ఎరువుల అంగడి బాలసుబ్రహ్మణ్యం కొడుకు. ఈ పిల్లను యాడన్నా దించి మన దోవన మనం పోదాం."

"అన్నా, టేసను కాడ ఆపు."

పుల్లయ్య పోలీసు స్టేషను ముందు ఆపాడు. అంతవరకూ చేశాడు.

ఆ పిల్ల పేరు ఈశ్వరి. నల్లమల అంచున చెంచు గూడెం. వాళ్ల నాయన మారెన్న అడవిలో చింతపండు, కుంకుడుకాయలు ఏరి, ఎరువులతోపాటు అడవి సరుకూ కొనే ఆ అంగడికే వేస్తాడు. ఆ రోజు అతనికి జ్వరంగా ఉంటే కూతురు మూట మోసుకొచ్చింది. సరుకు గోడౌన్లో పెట్టమని శరత్ లోపలికి పంపి, వెనకనే వచ్చి తలుపు వేశాడు. ఇదంతా ఈశ్వరి స్టేషన్లో చెప్పలేదు. ఆసుపత్రికి తీసుకుపోయే జీపులో, వరహాలు చెవి దగ్గర, ముక్కలు ముక్కలుగా చెప్పింది. వరహాలు అది పోలీసులకు చెప్పాక కేసు రాశారు.

సాయంత్రానికి మారెన్న వచ్చాడు. "ఎవురు?" అని ఒక్క మాట అడిగాడు. పేరు వినగానే గోడకు ఆనుకుని గొంతుక్కూర్చుని, మరి తలెత్తలేదు.

వారం తిరక్కుండా బాలసుబ్రహ్మణ్యం వరహాలు గదికి వచ్చాడు. కేకలు వేయలేదు. గడప బయటే నిలబడి నెమ్మదిగా మాట్లాడాడు.

"నా కూతురు హర్షిణి నీ బస్సులోనే కాలేజీకి వస్తాది. నీకు తెలుసు. నువ్వు సాక్షం చెప్తే ఆ బిడ్డకు సంబంధాలు రావు. నువ్వు ఈడిదానివి కాదు మా. రేపు బదిలీ అయితే పోతావు. మేము ఈ ఊళ్లోనే బతకాల."

"ఆ పిల్లా ఇక్కడే బతకాల కదండీ," అంది వరహాలు.

ఆయన వెళ్లిపోయాడు.

మర్నాడు ఆ గది అద్దెకిచ్చిన ఇంటామె రామేశ్వరమ్మ వచ్చి తలుపు పట్టుకుని నిలబడింది. "మా ఆయన అంగడి బాలసుబ్రహ్మణ్యం వాళ్ల కట్టడంలోనే ఉండాది. నిన్ను పొమ్మనేకి నోరు రావడంల్యా వరాలూ. నువ్వే అర్థం చేసుకో." అంటూనే ఏడ్చింది. వరహాలే ఆమెను ఊరుకోబెట్టి, సామాను సర్దుకుంది. ఊళ్లో ఎవరూ గది ఇవ్వలేదు. డిపో వెనక పాత టైర్లు వేసే షెడ్డును ఆనుకుని ఒక గది ఉంటే మేనేజరును బతిమాలి అందులో చేరింది.

ఇంకెవరూ ఆమె మాటకు నవ్వలేదు. అసలు ఆమెతో మాట్లాడితే కదా. చిల్లర చేతిలో పెట్టి కిటికీ వైపు తిరిగేవాళ్లు. రోజూ ముందు సీట్లో కూర్చుని, 'ఎల్తాను' కాదక్కా, 'పోతాను' అని ఆమెకు ఆ ఊరి మాట నేర్పిన హర్షిణి, వెనక సీటుకు మారింది. మగదిక్కు లేని ఆడదని, ఆ కుర్రాడితో ఈమెకే ఏదో ఉండేదని, అందుకే కక్ష కట్టిందని మాటలు పుట్టాయి. రెస్ట్ రూములో ఆమె క్యారియర్ విప్పితే పక్కవాళ్లు తమ క్యారియర్లు మూసి లేచేవాళ్లు. ఒకసారి ఎస్టీడీ బూతు నుంచి తమ్ముడికి ఫోన్ చేసింది. "ఇంటికొచ్చీ అక్కా, ఆ ఊరోల గొడవ నీకేల?" అన్నాడతను. "వత్తాను," అంది. ఫోన్ పెట్టేశాక బూతులోనే కాసేపు నిలబడింది. తన యాసలో ఎవరైనా మాట్లాడగా విని ఎన్నాళ్లయిందో!

ఒకరోజు మారెన్న స్టాపు దగ్గర బస్సుకు ఎదురొచ్చాడు. "రాజీ పడమంటాండారు మా. మేం అడవిలో బతికేటోళ్లం. కోర్టుకెక్కితే మమ్మల్ని సంతకు గూడా రానియ్యరు."

"ఈశ్వరి ఏమంటోంది?"

"దాన్ని అడగల్యా."

అతని వెనక నిలబడి ఉన్న ఈశ్వరి ముందుకొచ్చింది. "నేను చెప్తా నాయనా." తర్వాత వరహాలు వైపు తిరిగింది. "నువ్వు గూడా వస్తావు గదా అక్కా?"

"వస్తాను," అంది వరహాలు.

నంద్యాల కోర్టులో కేసు విచారణకు రావడానికి మూడేళ్లు పట్టింది. అవతలి వకీలు వరహాలును ఆమె మాటతోనే ఆడించాడు. "టేసనా? అదేమిటమ్మా?" అని రెట్టించి అడిగాడు. భర్త పోయిన మనిషి సొంతవాళ్లను వదిలి ఈ ఊళ్లో ఒంటరిగా ఎందుకుందని అడిగాడు. అయినా మెడ మీద గీతలూ, తప్పుగా పెట్టుకున్న గుండీలూ చూసినవి చూసినట్టు చెప్పింది. తర్వాత పుల్లయ్య బోనెక్కాడు. తాను రోడ్డు మీదే చూపు పెట్టాననీ, తలుపు దగ్గర ఎవరున్నారో చూడలేదనీ చెప్పాడు. వరండాలో ఆమె ఎదురైతే, "నాకు ఇద్దరు ఆడబిడ్డలు చెల్లెమ్మా," అన్నాడు. ఆమె ఈశ్వరి కూర్చున్న వైపు నడిచింది.

ఈశ్వరి సాక్ష్యం తలుపులు మూసి తీసుకున్నారు. చాలాసేపటికి బయటికొచ్చి నీళ్లడిగింది. వరహాలు సీసా ఇస్తే చివరి చుక్కదాకా తాగి, "అంతా చెప్పినా అక్కా," అంది.

శరత్‌కు ఏడేళ్లు శిక్ష పడింది. పై కోర్టుకు పోయి, ఏడాది తిరక్కుండా బెయిలు మీద వచ్చి మళ్లీ అంగట్లో కూర్చున్నాడు. మారెన్న సరుకు ఆళ్లగడ్డలో ఎవరూ కొనలేదు. ఈశ్వరిని మిడుతూరు వైపున్న మేనత్త ఇంటికి పంపించాడు. ఆ తర్వాత ఆ పిల్ల కబురు వరహాలుకు తెలియలేదు. ఒకసారి గూడేనికి వెళ్లి అడుగుదామనుకుంది. తను వెళితే మళ్లీ పాత మాటలు లేస్తాయేమోనని ఆగిపోయింది.

నాలుగేళ్ల తర్వాత ఆమె నంద్యాల బస్సు మీద చేస్తోంది. నంద్యాల బస్టాండులో ఒక జంట ఎక్కింది. మగమనిషి భుజాన సంచీ, ఆమె చంకలో పిల్లవాడు. ఆమె ఈశ్వరి. ఒళ్లు చేసింది, ముఖం నిండుగా ఉంది. వరహాలును చూడగానే ఆ ముఖం మాడిపోయింది. భర్త వైపు ఒకసారి, వరహాలు వైపు ఒకసారి చూసి పైటను నెత్తిమీదికి లాక్కుంది.

వరహాలుకు అర్థమైంది. ఆ పాత సంగతి అతనికి తెలియదు.

"యాడికి?" అని భర్తను అడిగింది.

"ఆళ్లగడ్డకు రెండు. మా అత్తగారి ఊరికి పోతాండాం," అన్నాడతను నవ్వుతూ. మంచివాడిలాగే ఉన్నాడు. వరహాలు టికెట్లిచ్చి ముందుకు పోయింది. శిరివెళ్ల దాటాక పిల్లవాడు ఏడిస్తే, భర్తే ఎత్తుకుని కిటికీలోంచి ఎద్దులను చూపించాడు. ఈశ్వరి అతని భుజానికి తల ఆనించి కళ్లు మూసుకుంది.

ఆళ్లగడ్డలో దిగి, వాళ్లు వెనక్కి చూడకుండా వెళ్లిపోయారు. బస్సు ఖాళీ అయింది. వరహాలు వాళ్లు కూర్చున్న సీట్లో కూర్చుంది. ఈశ్వరి బాగుంది, పిల్లాడు బొద్దుగా ఉన్నాడు, మొగుడు ఓపికున్నవాడు. ఎవరికైనా చెప్పుకోవాలనిపించింది ఆమెకు. ఆ మాట చెప్పుకోవడానికి ఆ ఊళ్లో ఆమెకు ఒక్క మనిషీ లేడు. డ్రైవరు హారను కొట్టి, "ఏం మా, దిగవా?" అని అరిచేదాకా అక్కడే కూర్చుండిపోయింది.